రిజిస్టర్‌లో చివరి గడి: రెక్టమ్ సర్జరీ కొత్త పద్ధతులను డేటాతో తూచడం గురించి

ప్రశ్న, క్లుప్తంగా: "సార్, మహబూబ్‌నగర్ వైపు జనరల్ సర్జరీ పీజీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా యూనిట్‌లో మూడేళ్ల కిందట రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌కు ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) మొదలుపెట్టారు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్ తిరగేస్తే ఓపెన్ (పొట్ట కోసి చేసినవి) 41, ల్యాప్ 30 కేసులు దొరికాయి. ల్యాప్ చేసిన 30 మందిలో ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. దీన్నే థీసిస్‌గా రాయమంటున్నారు మా గైడ్. ఎగ్జామినర్ 'ఇది ఆర్‌సీటీ (పేషెంట్లను చీటీ వేసినట్టు గుంపులుగా పంచి పోల్చే ట్రయల్) కాదుగా' అంటే ఏం చెప్పాలి? ఆరోగ్యశ్రీ డేటా కూడా కలిపితే బలం వస్తుందా?"

తమ్ముడూ, "ఆర్‌సీటీ కాదుగా" అనే ఎగ్జామినర్‌ను చూసి టెన్షన్ పడకు. దానికి మంచి జవాబే ఉంది, కింద రాస్తాను. నువ్వు భయపడాల్సిన ప్రశ్న ఇంకోటి: "ఆ 30 మందిలో ఈ నెల దాకా బాగున్నారని నువ్వు స్వయంగా కనుక్కున్నవాళ్లు ఎంతమంది?" నీ ప్రశ్నలో 'తిరగబెట్టలేదు' అని రాశావు. తిరగబెట్టలేదని రిజిస్టర్‌లో రాసి ఉందా, లేక తిరగబెట్టినట్టు ఎక్కడా రాసి లేదా? ఈ రెండూ ఒకటే అనుకుని నేను ఒకసారి మోసపోయాను. అందుకే ఇంత పొడుగు జవాబు.

నల్లగొండ జిల్లాలో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌లో కలిపి ఇరవై ఆరేళ్లు పేగుల సర్జరీ చేశాను. నేనూ నీలాంటి లెక్కే ఒకటి వేశాను. పొడుగాటి అట్ట రిజిస్టర్, ఒక్కో పేషెంట్‌కు ఒక్కో వరుస, చివర్లో 'ఇప్పటి పరిస్థితి' అని చిన్న గడి. మా హౌస్ సర్జన్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ గడిలో 'వెల్', 'వెల్' (బాగున్నాడు) అని రాసుకుంటూ పోయాడు. కాన్ఫరెన్స్‌కు స్లైడ్లు కూడా తయారయ్యాయి. వెళ్లడానికి పది రోజుల ముందు ఎందుకో మనసు ఒప్పక, ఏడాదికి పైగా ఓపీకి రానివాళ్లకు ఫోన్ చేద్దామని కూర్చున్నాను.

మొదటి నంబరు దేవరకొండ దగ్గరి ఒక తండా మనిషిది. ఎత్తింది ఆటో డ్రైవర్. అడ్మిషన్ రోజు ఆయన్ని తీసుకొచ్చిన ఆటో అది, కౌంటర్‌లో నంబరు అడిగితే తనది చెప్పాడట. రెండో నంబరు మునుగోడు వైపు నేత కార్మికుడిది. ఎత్తాడు, కానీ వెనక మరమగ్గాల చప్పుడులో మాట సరిగ్గా వినపడదు. భివండీలో ఉన్నాడు. "మంచిగనే ఉన్న సార్, సంచి మాత్రం అట్లనే ఉన్నది. తీపిచ్చుకునుడు కాలే" అన్నాడు. మూడు నెలల్లో స్టోమా (సంచి తగిలించడానికి పొట్ట మీద పెట్టిన పేగు మూతి) మూసేస్తామని చెప్పి పంపిన మనిషి. రెండేళ్లయింది. మూడో ఫోన్ నకిరేకల్ దగ్గరి పల్లెకు చేశాను. కోడలు మాట్లాడింది. "మా మామ పోయిండు సార్, పోయిన బతుకమ్మ పండుగకు ముందల. కూసుంటె నొప్పి, పండుకుంటె నొప్పి. మళ్ల పట్నం తీస్కపోదమంటె వద్దన్నడు."

కూర్చుంటే నొప్పి అంటే ఏమిటో సర్జన్‌వి, నీకు చెప్పక్కర్లేదు. కటి (నడుము కింది ఎముకల గూడు) లోపల జబ్బు తిరిగి వచ్చింది. మా గడిలో మాత్రం 'వెల్' అని ఉంది. ఆయన చివరిసారి ఓపీకి వచ్చిన రోజున అది నిజమే మరి. నేను ఆ కాన్ఫరెన్స్‌కు వెళ్లాను గానీ స్లైడ్లు తీసుకెళ్లలేదు.

ఇప్పుడు నార్వే సంగతి చెప్పాలి. రెక్టమ్ సర్జరీలో డేటాబేస్‌కు ఎంత విలువ ఉందో తెలియాలంటే ఇంతకంటే మంచి కథ లేదు. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో హీల్డ్ అనే సర్జన్ 1982లో రాసిన టీఎంఈ పద్ధతి నీకు తెలిసిందే: రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వు పొరను, అంటే మీసోరెక్టమ్‌ను, చెక్కుచెదరకుండా ఒకే ముద్దగా తీయడం. ఒక సర్జన్ చేతిలో బాగుంది సరే, దేశంలో అందరి చేతుల్లో ఏమవుతుంది? నార్వే 1993లో దేశమంతటికీ ఒక రెక్టల్ క్యాన్సర్ ప్రాజెక్టు పెట్టి, సర్జన్లకు శిక్షణ ఇచ్చి, ప్రతి కేసునూ నమోదు చేసింది. అక్కడ జబ్బు అదే చోట తిరిగి రావడం పాత పద్ధతిలో 12 శాతం, టీఎంఈలో 6 శాతం అని తేలింది. టీఎంఈ నిలబడింది.

2010 ప్రాంతంలో టాటీఎంఈ వచ్చింది. పైనుంచి కాకుండా మలద్వారం నుంచి పైకి కోసుకుంటూ పోయే పద్ధతి. ఇరుకు కటి ఉన్న లావుపాటి మగవాళ్లలో కింది భాగం పైనుంచి అందదు కాబట్టి ఆలోచన తెలివైనదే. 2014లో దీనికి ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ (కేసులు నమోదు చేసే డేటాబేస్) కూడా మొదలైంది. మొదటి 720 కేసుల ఫలితాలు, 23 దేశాల్లోని 66 ఆసుపత్రులవి, చూడముచ్చటగా ఉన్నాయి. నేనూ చదివి, చేతులు ఇంకా కుదురుగా ఉన్నాయిగా, నేర్చుకుందామా అనుకున్నాను.

నార్వేలోనూ ఏడు ఆసుపత్రులు నేర్చుకున్నాయి. కానీ అక్కడ ప్రతి మనిషికీ పుట్టినప్పటి నుంచీ ఒకే నంబరు, క్యాన్సర్ కేసు ఎక్కడ తేలినా రిపోర్టు చేయడం చట్టం. పేషెంట్ ఊరు మారినా, ఆసుపత్రి మారినా, డాక్టర్ మీద అలిగినా లెక్కలోంచి జారిపోడు. కొద్దికాలానికే ఎవరూ ఊహించని రకం రికరెన్సులు, అంటే జబ్బు తిరగబెట్టడాలు, కనపడ్డాయి. త్వరగా వస్తున్నాయి, ఒక చోట కాకుండా కటి గోడల మీద చాలా చోట్ల వస్తున్నాయి. 2018 చివర్లో అక్కడి సర్జన్లే ఆ ఆపరేషన్‌ను ఆపేశారు. 2020లో వచ్చిన పూర్తి ఆడిట్‌లో 157 మందిలో 12 మందికి జబ్బు అదే చోట తిరగబెట్టింది. రెండున్నరేళ్లకు కొంచెం తక్కువ కాలానికి అంచనా 11.6 శాతం, అదే కాలానికి జాతీయ రిజిస్ట్రీలో మామూలు పద్ధతుల అంకె 2.4 శాతం. పేగు అతుకు దగ్గర కారి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన లీకులు 8.4 శాతం, జాతీయంగా 4.5.

ఎందుకిలా? ఎక్కువమంది ఒప్పుకునే కారణం: కింది నుంచి మొదలుపెట్టేటప్పుడు గడ్డకు దిగువన పేగును లోపలినుంచి చుట్టూ కుట్టి, సంచి మూతి తాడు లాగినట్టు బిగిస్తారు. ఆ బిగింపు కాస్త వదులైతే, ఆపరేషన్ కోసం లోపల నింపే గ్యాస్ ఒత్తిడికి క్యాన్సర్ కణాలు బయటి మెత్తటి పొరల మీదికి చిందుతాయి. ఎంత చిన్న విషయమో చూడు. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్‌కు అది కనపడదు. స్పెసిమెన్ (కోసి తీసిన ముద్ద) అందంగానే వస్తుంది, మార్జిన్ క్లియర్ (అంచుల్లో క్యాన్సర్ లేదు) అని పాథాలజిస్టూ రాస్తాడు. ఏడాదిన్నర తర్వాత పేషెంట్ కూర్చోలేకపోతాడు.

నెదర్లాండ్స్‌లో ఇంకో కోణం బయటపడింది. శిక్షణ పొందిన 12 ఆసుపత్రుల్లో ఒక్కోదానిలో మొదటి 10 కేసులు తీసుకుని చూస్తే, ఆ 120 మందిలో 10 శాతానికి అదే చోట తిరగబెట్టింది. తర్వాతి కేసుల్లో తగ్గింది. అంటే తప్పు పద్ధతిదా, నేర్చుకునే చేతిదా అన్నది ఈరోజుకీ వాదనే. నా అభిప్రాయం అడిగితే, పేషెంట్‌కు ఆ తేడా అనవసరం. మొదటి పది మందిలో తానొకడైతే ఆయనకు పద్ధతీ, చెయ్యీ ఒకటే.

మరి అంతర్జాతీయ రిజిస్ట్రీకి ఇది ముందుగా ఎందుకు కనపడలేదు? అందులో కేసులు ఎక్కించేది ఎవరిష్టం వాళ్లది. పదో కేసులో చెయ్యి కాలిన సర్జన్ పదకొండోది చేయడు, మొదటి పదీ ఎక్కించడు. ఎక్కించినవాళ్లు అబద్ధం చెప్పారని నేననడం లేదు. అలాగని ఆ రిజిస్ట్రీని కొట్టిపారేయకు. 6,375 కేసులు కలిపి చూస్తే 25 మందికి ఆపరేషన్ మధ్యలో కార్బన్ డయాక్సైడ్ రక్తనాళాల్లోకి పోయి ప్రాణం మీదికి వచ్చిందని బయటపెట్టింది అదే. వెయ్యికి నలుగురు. ఏ ఒక్క సర్జన్‌కూ తన జీవితకాలంలో అది ఒక వరసగా కనపడదు, "ఆ రోజు మత్తు డాక్టర్ బీపీ పడిపోయిందన్నాడు" అనుకుని మర్చిపోతాడు. అరుదైన ప్రమాదం పట్టుకోవాలంటే పెద్ద సంఖ్య కావాలి, ఎవరి ఇష్టంతో చేరినా పనికొస్తుంది. 'ఎంత శాతం' అని చెప్పాలంటే మాత్రం ఒక్కరూ జారని రిజిస్టర్ కావాలి, చిన్నదైనా సరే.

ఇప్పుడు నీ 30 మందిలో సున్నా సంగతి. వీళ్లందరినీ నిజంగా కనుక్కున్నావనే అనుకుందాం. ఒక మోటు లెక్క ఉంది: సున్నా వచ్చినప్పుడు 3ను సంఖ్యతో భాగించు. 3ని 30తో భాగిస్తే 10 శాతం. అసలు రేటు సున్నా నుంచి 10 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చని నీ డేటా చెబుతోంది, అంతే. నార్వే ఆపేసిన పద్ధతి అంకె 11.6 అని గుర్తుపెట్టుకో. నీ సున్నా దానికి ఎంత దగ్గర్లో కూర్చుందో చూశావా?

ఇంకొకటి గమనించావా? 157లో 12 అంటే 7.6 శాతమే. మరి 11.6 ఎక్కడినుంచి వచ్చింది? అందరినీ ఒకేకాలం చూడలేదు కాబట్టి, కప్లన్-మైయర్ పద్ధతిలో ఒక్కొక్కరిని ఎన్ని నెలలు చూశారో అన్ని నెలలకే లెక్కలో ఉంచారు. నువ్వూ ఇదే చేయాలి, నీ స్టాటిస్టిక్స్ సార్ చేసిపెడతాడు. కానీ ఆ పద్ధతి ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: మధ్యలో కనపడకుండా పోయినవాళ్లు, కనపడుతున్నవాళ్లు ఒకేలాంటివాళ్లని. మన పాలమూరు, నల్లగొండల్లో అది నిజం కాదు. ఒంట్లో బాగున్నవాడు ముంబయి, పుణె కట్టడం పనికి పోతాడు, రాడు. బాగా చెడిపోయినవాడు ఇంట్లోనే పడుకుంటాడు, వాడూ రాడు. మధ్యరకంగా ఉన్నవాళ్లే మన ఓపీకి వచ్చేది. కంప్యూటర్‌కు ఇది తెలియదు. అందుకే ఫోను చేయక తప్పదు.

తర్వాతి చిక్కు: ఎవరికి ల్యాప్, ఎవరికి ఓపెన్ అన్నది ఎవరు తేల్చారు? కొత్త పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఎవరైనా సన్నటి మనిషిని, పై భాగంలో ఉన్న గడ్డను ఎంచుకుంటారు. నేనూ అదే చేశాను, తప్పు కూడా కాదు. కష్టమైనవి, పేగు మూసుకుపోయి రాత్రిపూట వచ్చినవి ఓపెన్‌కు పోతాయి. చివరికి ల్యాప్ గెలుస్తుంది, అసలు గెలిచింది పేషెంట్ల ఎంపిక. కాబట్టి గడ్డ మలద్వారం అంచునుంచి ఎన్ని సెంటీమీటర్లు, ఎంఆర్‌ఐలో స్టేజి, ముందు రేడియేషన్ ఇచ్చారా లేదా, ఎత్తు బరువులు, అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), ఎలెక్టివా ఎమర్జెన్సీనా, ఇవన్నీ ప్రతి వరుసలో ఉండాలి. ఇంకా ముఖ్యం, ల్యాప్‌గా మొదలై ఓపెన్‌గా ముగిసిన కేసులు నీ రిజిస్టర్‌లో ఏ ఖాతాలో ఉన్నాయో చూడు. చాలా ఓటీ రిజిస్టర్లలో చివరికి ఏం చేశారో అదే రాస్తారు. అలాంటివి ఓపెన్ కింద పడిపోతే, ల్యాప్ కష్టాలన్నీ ఓపెన్ నెత్తిన పడతాయి. ఏ పద్ధతితో మొదలుపెట్టారో ఆ ఖాతాలోనే ఉంచు. మత్తు డాక్టర్ షీట్‌లో సాధారణంగా అసలు సంగతి దొరుకుతుంది.

ఆరోగ్యశ్రీ డేటా గురించి. ఇది మొదట మొదలైందే మన పాలమూరులో కూడా, 2007 ఏప్రిల్ 1న, అనంతపురం, శ్రీకాకుళంతో పాటు. ఇన్నేళ్ల సమాచారం, తెల్లకార్డు ఉన్న ప్రతి పేద ఇంటిదీ. చూస్తే బంగారు గని అనిపిస్తుంది. కానీ అది బిల్లు చెల్లించడానికి రాసిన సమాచారం. ఏ ప్యాకేజీ, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఇవి ఉంటాయి. గడ్డ ఎత్తు, మార్జిన్ ఒక మిల్లీమీటరు కంటే తక్కువా ఎక్కువా లాంటివి వెతుక్కునేలా అందులో దొరకవు. ఇక మన పేషెంట్ సంగతి చూడు: బయాప్సీ జిల్లా కేంద్రంలో, ఎంఆర్‌ఐ ప్రైవేటు స్కాన్ సెంటర్‌లో, రేడియేషన్ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, ఆపరేషన్ మీ దగ్గర, సంచి మూయడం ఇంకెక్కడో. ఒకే మనిషికి ఐదు ఓపీ నంబర్లు, మూడు రకాల ఇంటిపేరు స్పెల్లింగులు, నాలుగు వయసులు. బలం కోసం రెంటినీ గుడ్డిగా కలిపితే ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెడతావు. నాకైతే ఆ డేటా ఒక్క పనికి బాగా పనికొస్తుంది: నీ పేషెంట్ తర్వాత ఇంకో ఆసుపత్రిలో చేరాడా, సంచి మూయించుకున్నాడా అని వెతకడానికి. అది కూడా అనుమతి తీసుకుని. మీ ఆసుపత్రి ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగిని) మంచి చేసుకుని స్క్రీన్‌షాట్లు తీసుకోవడం లాంటివి చేయకు. ఫోన్లు మొదలుపెట్టే ముందే ఎథిక్స్ కమిటీ దగ్గర కాగితం పెట్టు.

సరే, ఆర్‌సీటీ మాట. ఎగ్జామినర్‌కు నువ్వు చెప్పాల్సింది ఇది. ల్యాప్‌కు, ఓపెన్‌కు ఆర్‌సీటీలు జరిగాయి. 1,044 మందితో జరిగి, 2015లో ఫలితాలు వచ్చిన కలర్ టూ అనే ట్రయల్‌లో మూడేళ్లకు అదే చోట తిరగబెట్టడం రెండు వైపులా 5 శాతమే. అదే ఏడాది అమెరికా నుంచి ఒకటి, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల నుంచి ఒకటి, రెండు ట్రయల్స్‌లో స్పెసిమెన్ నాణ్యత చూస్తే ల్యాప్ ఓపెన్‌కు తీసిపోదని నిరూపించలేకపోయారు. రోబోతో ఆపరేషన్ వచ్చాక, దాన్ని ల్యాప్‌తో పోల్చుతూ 471 మందితో రోలార్ అనే ట్రయల్ జరిగింది. ఓపెన్‌లోకి మారాల్సి రావడం ల్యాప్‌లో 12.2, రోబోలో 8.1 శాతం, కానీ ఆ తేడా నమ్మదగినంత కాదని 2017లో తేల్చారు. ట్రయల్‌లో చేరే సర్జన్లు ఏరికోరి తెచ్చినవాళ్లు. వాళ్ల చేతుల్లో ఏమవుతుందో ట్రయల్ చెబుతుంది. అదే ఆపరేషన్ మీ యూనిట్‌లో, మీ ఓటీ లైట్ల కింద, ఆరు గ్రాముల హీమోగ్లోబిన్‌తో వచ్చే మన పేషెంట్లలో ఏమవుతుందో మీ రిజిస్టర్ తప్ప ఎవరూ చెప్పరు. కాబట్టి "ల్యాప్ మంచిదా" అన్నది నీ థీసిస్ ప్రశ్న కాకూడదు. "మా దగ్గర ల్యాప్ మొదలుపెట్టిన మూడేళ్లలో ఏం జరిగింది" అన్నది కావాలి. దానికి ఆర్‌సీటీ అవసరం లేదు, నిజాయితీగా నింపిన వరుసలు చాలు. కేసులను తేదీల వారీగా 1 నుంచి 30 దాకా పేర్చి, ఆపరేషన్ టైము, లీకు, కన్వర్షన్ (ల్యాప్ నుంచి ఓపెన్‌కు మారడం) ఎలా మారుతూ వచ్చాయో చూపించు. మీ యూనిట్‌కు ఎక్కువగా పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

మీ గైడ్ దీన్నే థీసిస్‌గా రాయమన్నారన్నావు. ఆయనతో వాదనకు దిగకు. పది ఫోన్లు చేసి, ఆ కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టు. పేషెంట్లు ఆయన చేతి మీద ఆపరేషన్ అయినవాళ్లు, పేరు చూస్తే మొహం గుర్తొస్తుంది. తర్వాత ఆయనే మాట మారుస్తాడు. నా అనుభవంలో ఎంత మొండి సర్జన్ అయినా ఆ కాగితం చూశాక "మిగతావాళ్లకు కూడా చెయ్యి" అనే అన్నాడు.

ఫోనులో తిరగబెట్టిందా లేదా ఒక్కటే అడిగి పెట్టేయకు. సంచి ఇంకా ఉందా? రోజుకు ఎన్నిసార్లు బయటికి పోతున్నారు? గాలి ఆపుకోగలుగుతున్నారా? బస్సెక్కి నల్లగొండ దాకా పోగలరా? రెక్టమ్ ఆపరేషన్ తర్వాత మలవిసర్జన ఇబ్బందులను కొలవడానికి డెన్మార్క్ వాళ్లు 2012లో తయారుచేసిన లార్స్ స్కోరులో ఐదే ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. కింద అతికిన పేగుతో రోజుకు పదిసార్లు పోతూ, పెళ్లికి పోవడం మానేసిన మనిషి మన రిజిస్టర్‌లో 'సక్సెస్'. మాటలు మాత్రం వాళ్ల మాటలే వాడు. 'ఇన్‌కాంటినెన్స్' (మలం ఆపుకోలేకపోవడం) అంటే ఎవరికీ అర్థం కాదు, "బట్టలు ఖరాబయితున్నయా?" అని అడిగితే ఒక నిమిషం ఆగి నిజం చెబుతారు. ఆడవాళ్లను అడిగేటప్పుడు సిస్టర్‌తో మాట్లాడించు.

పొద్దున ఏడు లోపు, లేదా రాత్రి ఎనిమిది తర్వాత చెయ్యి, మధ్యలో ఎవరూ ఎత్తరు. నంబరు పనిచేయకపోతే ఆ ఊరి ఆశా వర్కర్‌ను పట్టుకో, పీహెచ్‌సీలో నంబరు దొరుకుతుంది. ఎవరింట్లో ఎవరు బతికున్నారో ఆమెకు నీ కంప్యూటర్ కంటే బాగా తెలుసు. కానీ జబ్బు పేరు ఆమెతో అనకు, "సార్ వాళ్లు మాట్లాడాలంటున్నరు" అని చెప్పిస్తే చాలు. ముంబయి పోయినవాళ్లు పీర్ల పండుగకు, దసరాకు, ఉగాదికి ఊరికి వస్తారు. ఆ వారం ఖాళీ పెట్టుకో. ఇకముందు వచ్చే కేసులకు ప్రొఫార్మాలో ఒక గడి పెంచు: 'ఈ ఫోను ఎవరిది'. పక్కనే ఇంకో నంబరు, ఊళ్లోనే ఉండే మనిషిది, పేషెంట్ ఎదురుగా ఒకసారి రింగ్ ఇచ్చి చూసి రాసుకో. చివరి గడిలో 'వెల్' అని రాయనివ్వకు. ఏ తేదీన, ఎవరు, ఎవరితో మాట్లాడి కనుక్కున్నారో రాయించు. కనుక్కోలేకపోతే 'తెలియదు' అని రాయించు, థీసిస్‌లో ఆ తెలియనివాళ్ల సంఖ్య మొదటి టేబుల్‌లోనే వెయ్యి.

ఆ 71 మందిలో ఏడాదిగా ఓపీకి రానివాళ్లు ఎంతమందో ముందు లెక్కపెట్టి ఇక్కడే రాయి. దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.